స్మార్ట్ స్కేల్ రివ్యూ: బరువు వరకు సరే, ఆ కొవ్వు శాతాన్ని ఎంతవరకు నమ్మాలి?

కాళ్లు పెట్టి నిలబడగానే బరువుతో పాటు కొవ్వు శాతం, కండ, నీరు, ఎముక, పొట్ట లోపలి కొవ్వు, చివరికి 'శరీర వయసు' కూడా ఫోన్‌లో చూపించే తూకం మిషన్లు ఇప్పుడు ప్రతి ఇంట్లోకీ వస్తున్నాయి కదా, వాటి గురించే ఈ రివ్యూ. నేను ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు పెట్టి తీసుకున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి, పైనున్న గాజు రంగు, యాప్ పేరు మారతాయంతే, కాబట్టి మీరు ఏది కొన్నా ఇక్కడ రాసింది పనికొస్తుంది. ముందే తేల్చి చెప్తాను. బరువు చూసుకోవడానికి చాలా మంచి వస్తువు. కొవ్వు శాతం అంకెను నెలల తరబడి అటా ఇటా అని గమనించడానికి వాడుకోవచ్చు, ఇవాళ ఎంత ఉంది అని నమ్మడానికి మాత్రం కాదు. కండ, పొట్ట లోపలి కొవ్వు, శరీర వయసు అనే అంకెలను చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. పక్కన టైలర్ దగ్గరుండే టేపు ఒకటి లేకపోతే ఇది కొని సగం లాభమే.

బరువు సంగతి త్వరగా ముగించేస్తాను. నాలుగు మూలల్లో నాలుగు సెన్సర్లుంటాయి, మనం ఎక్కగానే లోపలి లోహపు ముక్క కంటికి కనపడనంతగా వంగుతుంది, ఆ వంపును బట్టి కిలోలు లెక్కగడుతుంది. ఈ టెక్నాలజీ పాతదే, బాగా నలిగినదే, అందుకే చవకలో కూడా సరిగ్గా పనిచేస్తుంది. ఐదు కిలోల బియ్యం ప్యాకెట్ పట్టుకుని ఎక్కి చూశాను, ఐదు కిలోలే పెరిగింది. దిగి మళ్లీ ఎక్కినా వంద గ్రాములకు మించి తేడా రాలేదు. అయితే గ్రానైట్ లేదా టైల్స్ మీద సమంగా ఉన్న చోటే పెట్టండి, చాప మీదో డోర్ మ్యాట్ మీదో పెడితే తప్పు చూపిస్తుంది. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరిపితే మాత్రం ఒకసారి ఎక్కి దిగి, సున్నా వచ్చాక మళ్లీ ఎక్కండి.

అసలు మాట్లాడుకోవాల్సింది కొవ్వు శాతం గురించి. ఈ మిషన్ కొవ్వును కొలవదు, ఈ ఒక్క మాట బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుండేది. అరికాళ్ల కింద లోహపు పలకలుంటాయి చూడండి, వాటిలోంచి మనకు తెలియనంత చిన్న కరెంటు ఒక కాలిలోంచి పైకి వెళ్లి ఇంకో కాలిలోంచి కిందకి దిగుతుంది, ఎక్కువ మిషన్లలో అది 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కండలో నీరు, లవణాలు ఎక్కువ కాబట్టి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో నీరు చాలా తక్కువ కాబట్టి అక్కడ అడ్డు తగులుతుంది. మిషన్ నిజంగా కొలిచేది ఆ అడ్డునొక్కదాన్నే. ఆ తర్వాత మనం యాప్‌లో ఇచ్చిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్నది, ఇప్పుడే తూచిన బరువు, ఇవన్నీ కంపెనీ వాళ్ల దగ్గరున్న ఒక సూత్రంలో వేసి, 'ఇలాంటి మనుషులకు మామూలుగా ఇంత నీరుంటుంది, నీరింత ఉంటే కండ ఇంత, మిగతాది కొవ్వు' అని అంచనా వేసి ఫోన్‌కి పంపిస్తుంది. కొవ్వు లేని భాగంలో సుమారు 73 శాతం నీరే అని ముందే అనుకోవడం దీనంతటికీ ఆధారం, కానీ ఆ నీరు రోజంతా ఒకేలా ఉండదు.

ఇంకో సంగతి, కరెంటు ఎక్కువగా కాళ్లలోంచి, నడుము కింది భాగంలోంచే తిరిగి వెళ్లిపోతుంది. పొట్ట పైభాగం, ఛాతీ, చేతులు దాని దారిలో దాదాపు లేనట్టే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు, శరీరానికి ఆ లెక్క కుదరదు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన వాళ్లు మన దగ్గర ఎంతమంది లేరు! కాళ్లను చూసి పొట్టలో ఎంత కొవ్వుందో చెప్పబోవడమే ఈ మిషన్‌తో మనవాళ్లకు వచ్చే పెద్ద చిక్కు.

మీ దగ్గర ఇప్పటికే ఇది ఉంటే చిన్న పరీక్ష చేసి చూడండి, నేను చెప్పడం కంటే అదే బాగా అర్థమవుతుంది. యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎత్తును ఓ ఐదు సెంటీమీటర్లు పెంచి మళ్లీ ఎక్కండి. కొవ్వు శాతం తగ్గుతుంది. బాగా వ్యాయామం చేసేవాళ్ల కోసం 'అథ్లెట్ మోడ్' అని ఒకటి ఉంటుంది, అది ఆన్ చేసి ఎక్కండి, ఇంకా బాగా తగ్గుతుంది, నాకైతే చాలా తేడా వచ్చింది. రెండు నిమిషాల్లో ఒంట్లోంచి ఒక్క గ్రాము కొవ్వు కూడా పోలేదు కదా, మారింది సూత్రం. పొద్దున్న బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక ఒకసారి, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఒకసారి చూస్తే కూడా వేరు వేరు అంకెలు వస్తాయి. ఎండలో తిరిగి నీళ్లు సరిగ్గా తాగని రోజు కొవ్వు ఎక్కువ చూపిస్తుంది, నీరు తగ్గితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది కాబట్టి. మడమలు పగిలి గట్టిపడిన వాళ్లకు, కాళ్లు బాగా పొడిబారిన వాళ్లకు పలక సరిగ్గా అంటక ఒక్కోసారి అంకె రానే రాదు, కొంచెం తడిగుడ్డతో తుడుచుకుని ఎక్కాల్సి వస్తుంది.

మరి ఇదంతా తెలిసీ నేను ఎందుకు కొన్నానంటే, ఒట్టి బరువు అంకె ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది కనుక. జిమ్‌లో చేరి డంబెల్స్, స్క్వాట్స్ మొదలుపెట్టిన ఆడవాళ్లని అడగండి, చాలామంది ఒకే మాట చెప్తారు, మొదటి నెలల్లో బరువు కదలదు, కొందరికి కిలో పెరుగుతుంది కూడా, కానీ జాకెట్టు చేతుల దగ్గర, కుర్తీ నడుము దగ్గర వదులవుతుంది. నాకూ అంతే. బరువు అంకెను మాత్రమే చూసుకునే వాళ్లు సరిగ్గా ఈ దశలోనే 'మనకు పనిచేయడం లేదు' అని మానేస్తున్నారు, నిజానికి అప్పుడే బాగా పనిచేస్తోంది. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక్కడ ఒక తప్పుడు ప్రచారం గురించి కూడా చెప్పాలి. వాట్సాప్‌లో ఒక బొమ్మ తిరుగుతుంటుంది, పక్కపక్కన పసుపుపచ్చని పెద్ద కొవ్వు ముద్ద, ఎర్రని చిన్న కండ ముక్క, రెండూ ఒకే బరువని రాసి ఉంటుంది, చూస్తే కొవ్వు మూడు నాలుగు రెట్లు పెద్దదిగా ఉంటుంది. అంత తేడా లేదు. కొవ్వు సాంద్రత, అంటే ఒక మిల్లీలీటరు బరువు, సుమారు 0.9 గ్రాములు, కండది సుమారు 1.06. అంటే కిలో కొవ్వు 1,100 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటే కిలో కండ 940 తీసుకుంటుంది, తేడా ఐదో వంతు కూడా కాదు. మరి బరువు మారకుండానే బట్టలు అంత వదులెలా అవుతాయంటే, ప్రధానంగా చోటు మారడం వల్ల. పోయే కొవ్వులో మంచి భాగం పొట్ట, నడుము చుట్టూ పోతుంది, వచ్చే కండ తొడలకు, వీపుకు, భుజాలకు వస్తుంది. మనం బట్టలు బిగుతయ్యాయని బాధపడేది ఎక్కువగా నడుము దగ్గరే కనుక అక్కడ తేడా ముందు తెలుస్తుంది.

రోజువారీ బరువు ఎగుడుదిగుళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. తిన్న అన్నంలోని పిండిపదార్థంలో కొంత కండల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకుంటాం, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని వెంటబెట్టుకుని ఉంటుంది. అందుకే ఎవరైనా అన్నం పూర్తిగా మానేస్తే మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గుతారు, అందరికీ ఫోన్లు చేసి చెప్తారు, పోయింది చాలావరకు నీరే, మళ్లీ పండక్కి పులిహోర, బొబ్బట్లు తిన్న మర్నాడు తిరిగొచ్చేదీ నీరే. ఆవకాయ, అప్పడాలు, బయటి బిర్యానీ తిన్న రోజు ఉప్పు వల్ల ఒంట్లో నీరు ఆగుతుంది. నెలసరికి ముందు చాలామందికి కిలో, కిలోన్నర పెరుగుతుంది. మలబద్ధకం ఉంటే అదీ కనిపిస్తుంది. కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టినప్పుడు కండలు నొప్పి పుట్టి కొంత వాపు, నీరు వస్తాయి, జిమ్ కుర్రాళ్లు వేసుకునే క్రియాటిన్ వల్ల కూడా కండల్లో నీరు చేరుతుంది. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. అంటే రాత్రికి రాత్రి నిజంగా కిలో కొవ్వు పెరగాలంటే మామూలుగా ఖర్చయ్యేదానికి పైన అంత తినాలి, ఎంత ఘనమైన పెళ్లి భోజనమైనా ఒక్క విస్తరిలో అంత తినడం ఎవరి తరమూ కాదు. పొద్దున అంకె పెరిగిందని టెన్షన్ పడి టిఫిన్ మానేసే ఆడపిల్లలకు ఈ ఒక్క లెక్క ఎవరైనా కూర్చోబెట్టి చెప్తే బాగుండునని నాకుంటుంది.

కండ పెరగడమైతే ఇంకా నెమ్మది. కొత్తగా మొదలుపెట్టిన మగవాళ్లకు, అన్నీ సరిగ్గా కుదిరితే, నెలకు కిలో లోపే, ఆడవాళ్లకు అందులో సగం వస్తే గొప్ప. కాబట్టి యాప్‌లో 'ఈ వారం కండ 1.2 కిలోలు పెరిగింది' అని పచ్చ రంగులో వస్తే మురిసిపోవద్దు, వచ్చే వారం ఎర్ర రంగులో 'తగ్గింది' అంటే కుంగిపోవద్దు. రెండుసార్లూ అది చూసింది నీటినే.

మావారి సంగతి దీనికి తిరగేసి ఉంది. సన్నగా ఉంటారు, చేతులు, కాళ్లు పుల్లల్లా, బరువు చూస్తే ఎవరైనా 'బాగానే ఉన్నారు' అంటారు, బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, 22 చిల్లర. కానీ ప్యాంటు నడుము ఏటా పెరుగుతూనే ఉంది, షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పారు. మన దేశంలో ఇది చాలా పెద్ద విషయం, దీని మీద పుణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఎన్నో ఏళ్లు పనిచేశారు. 2004లో ఆయన, లండన్‌లోని డాక్టర్ జాన్ యుడ్కిన్ కలిసి ద లాన్సెట్ అనే వైద్య పత్రికలో వాళ్లిద్దరి ఫొటోనే వేసి చూపించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఒకే ఎత్తుకు తగ్గ ఒకే బరువు, లోపల రెట్టింపుకు పైగా కొవ్వు. బరువు అంకె చూసుకుని నాకేం పర్లేదు అనుకునే సన్నటి మనుషులందరికీ ఆ ఫొటో చూపించాలి.

ఆ బీఎంఐ కూడా మన కోసం, డాక్టర్ల గది కోసం పుట్టినది కాదు. 1830లలో బెల్జియంకి చెందిన క్వెట్లే అనే గణాంక శాస్త్రవేత్త జనం సగటు కొలతల కోసం చేసిన లెక్క అది, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. మనవాళ్లకు తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బులు వస్తున్నాయని గమనించి 2009లో భారతీయ డాక్టర్లు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని గీతలు కిందకి జరిపారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదన్నారు. 2025 జనవరిలో ఆ లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల కమిషన్ కూడా బీఎంఐ ఒక్కటే చూసి మనిషికి ఊబకాయం ఉందని తేల్చవద్దని, నడుము కొలతో, నేరుగా కొవ్వు కొలతో తోడు చూడాలని చెప్పింది.

రెండో వైపు కూడా అంతే నిజం. 1942లో అమెరికా నేవీ డాక్టర్ ఆల్బర్ట్ బెంకీ బృందం పాతికమంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను, ఒంట్లో కొవ్వెంతో తెలుసుకోవడానికి, నీళ్లలో ముంచి తూచి చూసింది. అప్పటి బరువు పట్టికల ప్రకారం వాళ్లలో 17 మంది అధిక బరువు వల్ల సైన్యానికి పనికిరారు, బీమా కంపెనీలు కూడా మొదటి తరగతిలో తీసుకోవు. వాళ్ల ఒంట్లో ఉన్నది కండ, కొవ్వు కాదు. ఎనభై ఏళ్లు దాటినా మనం ఇంకా అదే పట్టిక గోడకు తగిలించుకుని ఉన్నాం.

అత్తయ్య విషయంలోనే ఈ మిషన్ మీద నాకు కోపం వచ్చింది. జ్వరమొచ్చి కోలుకున్నాక ఆవిడ బరువు తగ్గారు, యాప్ ఏమో 'అభినందనలు, మీ లక్ష్యానికి దగ్గరవుతున్నారు' అని చూపించింది. డెబ్బై దాటిన మనిషి, మంచం మీద ఉండి, సరిగ్గా తినక తగ్గిన బరువులో కండ ఎంతో పోతుంది, అది అభినందించాల్సిన విషయం ఎలా అవుతుంది? పెద్దవాళ్లకు కండ పోవడమంటే మెట్లెక్కలేకపోవడం, బాత్‌రూమ్‌లో జారిపడటం. ఈ వయసు వాళ్ల కోసం ఈ మిషన్ కంటే ఒక కుర్చీ మేలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి, 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండ బలం తగ్గిందేమో చూడాలని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పింది. పక్కన ఒకరు నిలబడి చేయించండి, పడిపోకుండా. ఆవిడకు ఇప్పుడు మేము బరువు చూడటమే మానేశాం, కుర్చీ లెక్కే చూస్తున్నాం, రోజూ గుడ్డు, పెరుగు, మజ్జిగ తప్పకుండా చూసుకుంటున్నాం.

ఈ మధ్య బరువు తగ్గే ఇంజెక్షన్లు వేసుకునే వాళ్లకు కూడా ఇదే చెప్తాను. వాటితో బరువు బాగా తగ్గుతుంది, కానీ తగ్గినదంతా కొవ్వు కాదు, ట్రయల్స్‌లో స్కాన్ చేసి చూసినప్పుడు తగ్గిన దాంట్లో చెప్పుకోదగ్గ భాగం కొవ్వు కానిదే అని తేలింది. డాక్టర్ పర్యవేక్షణతో పాటు ప్రొటీన్, బరువులెత్తే వ్యాయామం అడిగి తెలుసుకోండి, మిషన్ మీద అంకె పడిపోతున్నందుకే సంతోషపడి ఊరుకోవద్దు.

జిమ్‌లో ఉండే పెద్ద మిషన్ సంగతి ఏంటి అని తమ్ముడు అడుగుతుంటాడు. అది కాళ్లతో పాటు చేతులకు కూడా పలకలుండే రకం, ఎనిమిది చోట్ల అంటుతుంది, కరెంటు చేతుల్లోంచి, నడుము పై భాగంలోంచి కూడా పోతుంది కాబట్టి ఇంట్లో దానికంటే మెరుగు. కానీ పద్ధతి అదే, నీటి మీద ఆధారపడటం అదే. మా జిమ్‌లో దాన్ని వాడే తీరు మాత్రం నాకు నచ్చలేదు. చేరేటప్పుడు సాయంత్రం వర్కవుట్ అయ్యాక, చెమటతో ఉన్నప్పుడు తీసిన ప్రింటుని, తర్వాత ఇంకోసారి పొద్దున్న తీసిన ప్రింటుని పక్కన పెట్టి 'చూడండి ఎంత మారిందో' అని చూపించి పర్సనల్ ట్రైనింగ్ ప్యాకేజీ అమ్ముతారు. ఒకే సమయం, ఖాళీ కడుపు, ముందురోజు భారీ వ్యాయామం లేకుండా, ఇవన్నీ కలిస్తేనే రెండు ప్రింట్లను పోల్చాలి. మీ ట్రైనర్‌ని ఆ మాట గట్టిగా అడగండి.

ఇంకా సరైన కొలత కావాలంటే డెక్సా స్కాన్. ఎముకల సాంద్రత కోసం పెద్ద వయసు ఆడవాళ్లకు రాస్తారు చూడండి, అదే యంత్రం, ఒంటి మొత్తానికి తీస్తే రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలతో ఎముక, కొవ్వు, మిగతాది వేరు చేసి ఏ చేయిలో ఎంత, పొట్టలో ఎంత అని చెప్తుంది. రేడియేషన్ చాలా తక్కువ, మంచం మీద కాసేపు పడుకుంటే చాలు. పెద్ద సెంటర్లలో దొరుకుతుంది, అయితే అన్నిచోట్లా ఒళ్లంతా తీయరు, 'హోల్ బాడీ కాంపోజిషన్' అని అడిగి, ధర కనుక్కుని వెళ్లండి. నెలనెలా తీయించుకోవాల్సిన పనిలేదు. ఏడాదికి ఒకటో రెండో, అదే సెంటర్లో అదే మిషన్ మీద. మామూలు మనిషికి అదీ అక్కర్లేదనే నా అభిప్రాయం.

ఎందుకంటే టేపు ఉంది. టైలర్ షాపులో వాడే నూట యాభై సెంటీమీటర్ల టేపు, ఇరవై ముప్పై రూపాయలు. చివరి పక్కటెముక కింద వేలు పెట్టి, తుంటి ఎముక పై అంచు మీద ఇంకో వేలు పెట్టి, రెండింటికీ మధ్యలో టేపు చుట్టాలి, అద్దం ముందు నిలబడి వెనక కిందకి జారకుండా చూసుకోవాలి, మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి, పొట్ట లోపలికి పీల్చకూడదు. రెండు వారాలకోసారి చాలు. ఎత్తులో సగం కంటే నడుము తక్కువ ఉండాలన్నది గుర్తుంచుకోవడానికి సులువైన గీత. 160 సెంటీమీటర్ల మనిషికి 80. నడుముతో పాటు తొడ, భుజం దగ్గర చేయి కూడా కొలిచి రాసుకోండి, నడుము తగ్గుతూ చేయి, తొడ అలాగే నిలబడితే మీరు సరైన దారిలో ఉన్నారు, అన్నీ కలిసి తగ్గిపోతుంటే తిండి మరీ తగ్గించేశారేమో చూసుకోవాలి. ఆ తేడాను ఈ మిషన్ యాప్ కంటే టేపు ముందు చెప్తుంది.

కొలవడం సరే, మారాల్సింది ఏంటన్నది కూడా రెండు ముక్కలు రాయకుండా ఉండలేను. మన కంచంలో అన్నం గుట్ట, పప్పు చెంచాడు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అంటున్నారు, 60 కిలోల మనిషికి అంటే సుమారు 50 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల పచ్చి కందిపప్పులో ఇరవై రెండు వరకు, వంద గ్రాముల పెరుగులో మూడు, వండిన అన్నం వంద గ్రాముల్లో మూడు కూడా ఉండదు. ఇంట్లో నలుగురికి ఓ గ్లాసుడు పప్పు వండి అందులో సగం పులుసులా చేస్తే ఎవరికి ఎంత వచ్చినట్టు? కొవ్వు తగ్గిస్తూ కండ నిలబెట్టుకోవాలంటే ఆ 0.83 కంటే ఎక్కువే కావాలి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగే మార్చుకోవాలి. వాకింగ్ చాలా మంచిది, మానొద్దు, కానీ వాకింగ్ ఒక్కదానితో కండ నిలవదు, వారానికి రెండు మూడుసార్లు బరువులు ఎత్తాలి, డంబెల్స్ లేకపోతే నీళ్ల బాటిళ్లతోనైనా మొదలుపెట్టి మెల్లగా బరువు పెంచుకుంటూ పోవాలి.

మళ్లీ మిషన్‌కి వస్తే, యాప్ నాకు అస్సలు నచ్చలేదు. ఫోన్ నంబర్ లేకుండా ఖాతా తెరవనివ్వదు, లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే బ్లూటూత్ కలవదంటుంది, మన ఒంటి వివరాలు ఎక్కడికి పోతున్నాయో తెలుగులో కాదు కదా ఇంగ్లీషులో కూడా స్పష్టంగా లేదు. నాకూ మా ఆడపడుచుకీ దాదాపు ఒకే బరువు, ఆవిడ వచ్చి ఎక్కినప్పుడల్లా ఆవిడ అంకెలు నా గ్రాఫ్‌లో కలిసిపోతున్నాయి, వెతికి తీసేయాల్సి వస్తోంది. 'శరీర వయసు' అనే దానికి వైద్యంలో అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు, ఏ కంపెనీ లెక్క దానిది. అది చూసి నలభై ఏళ్ల మనిషి 'నాకు యాభై రెండంట' అని దిగులు పడటం నా కళ్లతో చూశాను. పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్న ఇంట్లో ఈ మిషన్‌ని హాల్లో పెట్టకండి, దయచేసి. ఆ వయసులో ఎర్ర రంగులో 'ఎక్కువ' అని కనబడితే తిండి మానేసే పిల్లలు నిజంగా ఉన్నారు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇది ఎక్కకూడదు, గర్భిణులు కూడా కొవ్వు కొలత వాడవద్దని మాన్యువల్‌లోనే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. కొన్నింటిలో కరెంటు పంపకుండా బరువు మాత్రమే చూపే మోడ్ ఉంటుంది, ఇంట్లో అలాంటి వాళ్లుంటే అది ఉందో లేదో చూసి కొనండి.

నేను వాడే పద్ధతి ఇది. పొద్దున్న లేచి, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు, చెప్పులు సాక్సులు లేకుండా ఎక్కుతాను. ఆ రోజు అంకెను పట్టించుకోను, వారం సగటు మాత్రమే చూస్తాను, దాన్ని పోయిన నెల అదే వారం సగటుతో పోలుస్తాను, నెలసరి వల్ల వచ్చే తేడా అలా చాలావరకు సర్దుకుపోతుంది. కొవ్వు శాతాన్ని మూడు నెలలకోసారి వెనక్కి తిరిగి చూస్తాను, అప్పుడు కూడా గీత ఏ వైపు వాలుతోంది అన్నదే. టేపు కొలత, జాకెట్టు, ఎత్తగలుగుతున్న బరువు, ఈ మూడూ ఒక మాట చెప్పి మిషన్ ఇంకో మాట చెప్తే ఆ మూడింటినే నమ్ముతాను.

రేటింగ్ అంటే, బరువు తూచడానికి ఐదుకి నాలుగున్నర, కొవ్వు శాతానికి ఐదుకి రెండు, యాప్‌కి ఒకటి. ఇంట్లో మామూలు డిజిటల్ మిషన్ బాగా పనిచేస్తుంటే దీని కోసం దాన్ని తీసేయొద్దు, ఆ డబ్బుతో ఒక జత డంబెల్స్ కొనుక్కోండి. మిషన్ అసలే లేకపోతే, ధర తేడా నాలుగైదు వందలే అయితే ఇది తీసుకోవచ్చు, యాప్ లేకుండా కూడా బరువు చూపించేదై ఉండాలి, రిటర్న్ గడువు లోపలే బియ్యం ప్యాకెట్‌తో పరీక్ష చేసుకోండి.